కార్తీకంలో గాలాల పోటీ

కార్తీక మాసంలో చేపల పోటీ పెట్టుకున్నామని చెబితే విజయవాడ ఆటోనగర్లో మా వరస షాపుల వాళ్ళంతా నవ్వారు. తినని నెలలో పట్టడం ఎందుకురా అని. అసలు కిటుకంతా అక్కడే ఉంది. తినే నెలలో పెడితే పోటీ సాగదు. పట్టిన చేపని తూకం వేసి మళ్ళీ నీళ్ళలో వదిలేయాలంటే మనవాళ్ళకి మనసొప్పదు. రెండు కిలోల శీలావతి చేతికొచ్చిందంటే ఒకడికి పులుసు గుర్తొస్తుంది, ఇంకొకడు ఇంటికి ఫోన్ చేసి మసాలా నూరమంటాడు. కార్తీకంలో మా గుంపులో సగం మందికి పైగా నీచు ముట్టరు. మిగతావాళ్ళు పట్టుకెళ్ళినా ఇంట్లో గడప దాటనివ్వరు. కాబట్టి వదలాలా వద్దా అనే గొడవే రాదు.

మా అమ్మ మాత్రం వేరే ప్రశ్న వేసింది. "తినడం మానేస్తే పుణ్యం అంటారు. మరి ఆ మూగజీవాల నోట్లో ముల్లు గుచ్చితే ఏమంటారు?" అని. ఎదురుముల్లు నొక్కేసిన గాలాలే వాడుతున్నాం అమ్మా, దానికి పెద్దగా దెబ్బ తగలదు అన్నాను. "ఆ ముక్క చేపనడిగి చెప్పు" అంది. దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నాది లేత్ షాపు. మాలో లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు, రిటైరయ్యారు. రైలు నడిపే అన్న ఒకాయన. మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే కుర్రాడు ఒకడు, వాణ్ణి అందరం చిన్నోడా అంటాం. ఇంకా టైలరు, ఏసీ మెకానిక్కు, ఒక బ్యాంకు ఆయన, మొత్తం పద్నాలుగు మంది. ఎవరూ ఎవరికీ చుట్టాలు కాదు. బ్యారేజీ కింద రాళ్ళ మీదా, కాలవ గట్ల మీదా గాలాలేసుకుని కూర్చునే వాళ్ళం, పక్కపక్కన కూర్చుని కూర్చుని పరిచయమైపోయాం.

పోటీ పద్ధతి మాత్రం ఇంగ్లండ్ వాళ్ళది, వీడియోల్లో చూసి ఎత్తుకొచ్చాం. అక్కడ కార్ప్, అంటే మన బొచ్చె, శీలావతుల జాతి చేప, దాన్ని పట్టడం పెద్ద వ్యవహారం. చెరువు చుట్టూ నంబర్లు వేసిన చోట్లుంటాయి, పెగ్ అంటారు. పొద్దున చీటీ తీస్తారు, ఏ నంబరొస్తే ఆ పెగ్ దగ్గరే కూర్చోవాలి. బాగోలేదని లేచి పక్కకి వెళ్ళకూడదు. టైము అయ్యేసరికి మొత్తం బరువు ఎవరిది ఎక్కువైతే వాళ్ళది గెలుపు. చేపని మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి, గాలం తీసి వదిలేస్తారు. కొన్నిటికి పేర్లు కూడా పెడతారు. 1952లో రిచర్డ్ వాకర్ అనే ఆయన రెడ్‌మైర్ అనే చిన్న కుంటలో 44 పౌండ్ల కార్ప్‌ని పట్టి లండన్ జూకి ఇచ్చేస్తే, అది అక్కడ ఏళ్ళ తరబడి బతికింది. బెన్సన్ అని ఇంకో చేప ఉండేది. పట్టి వదిలీ, పట్టి వదిలీ దానికి ఎంత పేరొచ్చిందంటే 2009లో చచ్చిపోతే పేపర్లలో వార్త వేశారు. ఈ సంగతి చెబితే మా టైలర్ "అంత పెద్ద చేపని వండకుండా పాతిపెట్టారా?" అని రెండు రోజులు బాధపడ్డాడు.

మాకు దొరికిన చెరువు కంకిపాడు దాటాక బందరు రోడ్డు దిగి లోపలికి వెళితే వస్తుంది. ఏడెకరాల ఊరచెరువు. పంచాయతీ పాటలో కౌలుకి తీసుకున్నాయన రైల్వే అన్నకి వరసకి బాబాయి, అందుకని మా అందరికీ బాబాయే. అందులో ఆయన వదిలింది బొచ్చె, శీలావతి, కాసిని ఎర్రమోసు, గడ్డి చేపలు. బేరం ఇలా కుదిరింది. మనిషికి ఎనిమిది వందలు. ఆ పొద్దున చెరువుకి మేత వేయరు. పట్టిన ప్రతి చేపా వెనక్కి వదలాలి. వదిలాక బతక్కపోతే అది పట్టినవాడిది, చెరువు గట్టు రేటుకి కిలో లెక్కన డబ్బు కట్టాలి. ఈ చివరి షరతు బాబాయిదే. ఇంగ్లండ్ వాళ్ళ రూల్సు ఎన్ని చదివినా మాలో రానంత జాగ్రత్త ఆ ఒక్క మాటతో వచ్చింది. చేపని తడి గుడ్డతో పట్టుకోవడం, గాలం దారం పట్టుకుని ఊపకుండా రెండు చేతులూ కిందపెట్టి ఎత్తడం, వదిలేముందు నీళ్ళలో కాసేపు నిలబెట్టి అది తోక ఆడించాక చెయ్యి తీయడం, అందరికీ ఒక్క రోజులో వచ్చేశాయి.

ఇంకో రూలు మీద మాత్రం గొడవైంది. మన దగ్గర బొచ్చెకి చాలామంది గుత్తి గాలాలు వాడతారు. మధ్యలో పిండి ముద్ద, చుట్టూ అయిదారు గాలాలు. చేప ముద్దని పీల్చేటప్పుడు ఏదో ఒకటి తగులుకుంటుంది. నోటికే తగలాలని లేదు, పొట్టకీ మొప్పలకీ కూడా పడుతుంది. మాస్టారు ఒప్పుకోలేదు. ఒక రాడ్డు, ఒక గాలం, నోట్లో పడితేనే లెక్క. చిన్నోడు సణిగాడు. వాడి చేతిలో ఉన్న రాడ్డు ఖరీదుకి నా షాపు అద్దె రెండు నెలలు కట్టొచ్చు, అయినా గుత్తి గాలం లేకపోతే చేతులు కట్టేసినట్టుంటుందని వాడి గోల.

నా సరంజామా అంతా షాపులో తయారైందే. జీఐ తీగని లేత్ మీద స్ప్రింగులా చుట్టి, మధ్యలో సీసం పోశాను. టైర్ల షాపులో పాత వీల్ బ్యాలెన్సింగ్ ముక్కలు అడిగితే ఇచ్చారు, అవి కరిగించాను. ఆ స్ప్రింగు మీద తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద నొక్కి విసిరితే నీటి అడుగున మెల్లగా కరుగుతుంది. దాని పక్కనే మూడంగుళాల దూరంలో గాలం ఉంటుంది. ఎరని గాలానికి గుచ్చను. ఇది కూడా ఇంగ్లండ్ కిటుకే. 1980కి అటూ ఇటూగా అక్కడ ఇద్దరు ముగ్గురు బుర్ర పెట్టి కనిపెట్టారు. మొదట్లో నిజంగా తల వెంట్రుకే కట్టారట, అందుకే హెయిర్ రిగ్ అంటారు. గాలం వంపు నుంచి సన్నటి దారం వేలాడుతుంది, ఎర ఆ దారానికి ఉంటుంది. కార్ప్ దేన్నయినా ముందు పీల్చి, నచ్చకపోతే ఉమ్మేస్తుంది. గాలానికే ఎర గుచ్చి ఉంటే గట్టిగా తగిలిన వెంటనే ఉమ్మేస్తుంది. దారానికి ఉంటే గింజ ముందు వెళ్ళి, వెనక ఖాళీ గాలం వెళ్తుంది. ఉమ్మేటప్పుడు గింజ బయటికొస్తుంది, గాలం పెదవికి దిగుతుంది. మొక్కజొన్న గింజలు ముందు రోజు నానబెట్టి కుక్కర్లో నాలుగు కూతలు రానిచ్చాను. మా ఆవిడ కుక్కర్ని రెండు సార్లు తోమించింది నా చేత. గింజ గుచ్చే సూది సైకిల్ స్పోక్‌తో చేసుకున్నాను. గింజ జారిపోకుండా అడ్డానికి చీపురు పుల్ల ముక్క.

ఆదివారం చీకటితోనే బయల్దేరి, కంకిపాడులో టీ తాగి, చెరువు దగ్గరికి చేరేసరికి ఇంకా సరిగ్గా వెలుతురు రాలేదు. స్టీలు గిన్నెలో చీటీలు వేసి మాస్టారు కలిపారు. నాకు తొమ్మిది వచ్చింది. తూర్పు గట్టు మూల, గుర్రపుడెక్క పేరుకుపోయిన చోటు. అయ్యో అని నలుగురు జాలిపడ్డారు. చిన్నోడికి నాలుగో నంబరు, అందరం కావాలనుకున్నది. ఎందుకంటే దాని ఎదురుగానే మేత గుంజలున్నాయి.

ఈ గుంజల సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. మన కృష్ణా జిల్లా, కొల్లేరు వైపు చెరువుల్లో చాలాచోట్ల చేపకి మేత చల్లరు. నూనె తీసిన తవుడుని బస్తాల్లో నింపి, బస్తా అడుగున చిల్లులు పెట్టి, చెరువులో పాతిన వెదురు గుంజలకి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి పొడుచుకుని తింటాయి. ఎంత తిన్నాయో బస్తా చూస్తే తెలుస్తుంది, తవుడు వృథా కాదు. మా బాబాయి రోజూ తొమ్మిదిన్నరకి దోనె వేసుకుని వెళ్ళి బస్తాలు కడతాడు. ఆ రోజు కట్టడు. కానీ కట్టడన్న సంగతి చేపలకి తెలియదు కదా.

విజిల్ ఊదారు. ఆరున్నర. పద్నాలుగు గాలాలు నీళ్ళలో పడ్డాయి. ఆ తర్వాత ఏమీ జరగలేదు.

చేపలు లేక కాదు. చెరువు మధ్యలో వందల నోళ్ళు పైకి తేలి గుటుకు గుటుకుమంటున్నాయి. చిన్నోడు ఉబ్బిపోయాడు. "అన్నా, అన్నీ పైనే ఉన్నాయి, ఈ రోజు మనదే!" అని వాటి మధ్యకి గాలం విసిరాడు, మళ్ళీ విసిరాడు, ఒక్కటీ మూతి పెట్టలేదు. బాబాయి గట్టు మీదికొచ్చి చూసి "తేలాయిరా" అని మోటారు షెడ్డు వైపు పరిగెత్తాడు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు వేశాక మాకు అర్థమైంది. ముందు రోజంతా మబ్బు. చెరువు నీళ్ళు పచ్చగా ఉంటాయే, ఆ పచ్చదనమంతా కంటికి కనపడని నాచు. ఎండ ఉంటే పగలంతా అది ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక తనే పీల్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజు పగటి సంపాదన తక్కువ, రాత్రి ఖర్చు మామూలే. తెల్లారేసరికి నీళ్ళలో ఊపిరి అడుగంటుతుంది. అప్పుడు చేప గాలి కోసం పైకొస్తుంది, తిండి దాని బుర్రలో ఉండదు. ఊపిరాడని వాడికి పెసరట్టు పెడితే తింటాడా అన్నారు మాస్టారు.

ఈ మూడు గంటల్లోనే పోటీ తేలిపోయిందని నా అభిప్రాయం. చేప ఒక్కటి పడకముందే. అప్పుడు ఎవరెవరు ఏం చేశారో చూస్తే తర్వాత వచ్చిన లెక్కంతా అందులోనే ఉంది. చిన్నోడు నీళ్ళని కొడుతూనే ఉన్నాడు. బ్యాంకు ఆయన విసుగొచ్చి ముద్ద మీద ముద్ద విసిరి తెచ్చిన మేతలో సగం ఖాళీ చేశాడు. ఏసీ మెకానిక్ ఎరలో ఇంగువ కలిపి చూశాడు, సోంపు కలిపి చూశాడు, చివరికి వెనీలా ఎసెన్స్ సీసా తీశాడు. రైల్వే అన్న రాడ్డు పక్కన పెట్టి, టవల్ తలకి చుట్టుకుని కూర్చున్నాడు. చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయనది నైరుతి మూల పెగ్. నీళ్ళ మీద ఈశాన్యం గాలి సన్నగా వీస్తోంది. మేమందరం విసిరిన తవుడు దుమ్ము నీటి మీద తేలి తేలి ఎటు పోతోందో నాకు కాసేపటికి కనపడింది. మా ఎనిమిది వందలూ, మా తవుడూ కలిపి ఆయనకి మేపుతున్నామన్నమాట.

నేను గుర్రపుడెక్క అంచున పది గింజలు, పది గింజలు వేస్తూ కూర్చున్నాను. దానికి కారణం ఉంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు. ఒకప్పుడు వీటి పిల్ల కావాలంటే వరదల్లో నదుల్లోంచి పట్టి తేవాల్సిందే. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌదరి అనే శాస్త్రవేత్త చేప మెదడు దగ్గరుండే పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించాక, హేచరీలు వచ్చి, మన చెరువులన్నీ నిండాయి. ఆయన అది సాధించిన జూలై 10నే దేశమంతా చేపల రైతుల రోజుగా జరుపుతారు. మన ప్రకాశం బ్యారేజీ పూర్తయింది కూడా ఆ ఏడే. సరే, ఈ ఇంజెక్షన్ అక్కర్లేనిది బంగారుతీగ. అది పరాయి దేశం నుంచి వచ్చిన చేప, ఇంగ్లండ్ వాళ్ళు కార్ప్ అనేది ముఖ్యంగా దాన్నే. చెరువులోనే, నాచుకీ గుర్రపుడెక్క వేళ్ళకీ అంటుకునేలా గుడ్లు పెట్టేస్తుంది. గట్టు మట్టిని మూతితో తవ్వుతుందని రైతులకి దాని మీద కోపం. మా బాబాయి కూడా ఒక్కటీ వదల్లేదు, కాలవ నీళ్ళు పెట్టినప్పుడు తూములోంచి అవే వచ్చి చేరాయి. చీటీ తీసినప్పుడు అందరూ జాలిపడ్డ మూలలోనే వాటి కాపురం ఉంటుందని నా లెక్క.

తొమ్మిది దాటాక మబ్బు విచ్చింది. ఏరేటర్లు ఆపేశారు. నీటి మీద నోళ్ళు ఒక్కొక్కటే మాయమయ్యాయి. సరిగ్గా బస్తాలు కట్టే వేళకి ఖాళీ గుంజల చుట్టూ నీళ్ళు సుళ్ళు తిరగడం మొదలైంది. నాకైతే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. బస్తా లేదు, దోనె రాలేదు, అయినా వచ్చేశాయి. చిన్నోడు బెండు కింద రెండడుగుల లోతులో గాలం పెట్టి గుంజకి ఇవతల వేశాడు. బొచ్చెకి అంతకంటే లోతు అక్కర్లేదు. దాని కింది దవడ పైకి తిరిగి ఉంటుంది, అది పై నీళ్ళలో తినే చేప. శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. ఒకే చెరువులో మూడూ పెంచేది అందుకే, ఒకదాని కంచంలో ఇంకోటి చెయ్యి పెట్టదు.

బెండు మునగలేదు, పక్కకి జారుకుంటూ వెళ్ళిపోయింది. చిన్నోడు రాడ్డు ఎత్తాడు. రీలు అరిచింది. ఆ చేప నేరుగా గుంజల వైపే లాగింది, లైన్ ఒక్కసారి వెదురుకి చుట్టుకుంటే కథ ముగిసినట్టే. అందరం మా గాలాలు వదిలేసి అరుస్తున్నాం. రీలు బిగించమని ఒకడు, వదులు చేయమని ఒకడు. వాడు ఎవరి మాటా వినకుండా రాడ్డుని నీటికి అడ్డంగా వంచి, చేప తలని పక్కకి తిప్పాడు. ఆ పని చూశాక వాడి రాడ్డు ఖరీదు మీద నేను మళ్ళీ మాట్లాడలేదు. పావుగంట తర్వాత చేతివలలోకి వచ్చింది. ఆరు కిలోల రెండొందలు. తల చూస్తే మనిషి తలంత ఉంది.

ఇక చిన్నోడిదే అనుకున్నాం. గంట తర్వాత ఇంకోటి పట్టాడు, నాలుగు తొమ్మిది వందలు. ఆ తర్వాత గుంజల దగ్గర నీళ్ళు చదునైపోయాయి. బస్తా లేదని వాటికి అర్థమైపోయింది. వాడు అక్కడే వేస్తూ కూర్చున్నాడు. పెగ్ మారకూడదు కాబట్టి ఇంకో చోటికి వెళ్ళలేడు కూడా.

అప్పుడు మొదలైంది రైల్వే అన్న పని. ఆయన ప్రతి అయిదు నిమిషాలకీ గడియారం చూసి గుప్పెడు తవుడు ఉండ వేస్తాడు. ఎక్కువ వేయడు, తక్కువ వేయడు. చేప పడినా వేస్తాడు, పడకపోయినా వేస్తాడు. కిలో, కిలోంబావు. శీలావతి తర్వాత శీలావతి. దీని వెనక సంగతి మాస్టారు చెప్పారు. కార్ప్ జాతికి జీర్ణాశయం ఉండదు. పళ్ళు కూడా దవడల్లో కాదు, గొంతులో ఉంటాయి. అక్కడ నమిలింది నేరుగా పేగులోకి పోతుంది. దాచుకునే చోటు లేదు కాబట్టి కొంచెం కొంచెంగా రోజంతా తింటూనే ఉంటుంది. ఒకేసారి కుప్ప పోస్తే తిని వెళ్ళిపోతుంది, ఆపేస్తే వెతుక్కుంటూ పోతుంది. చిటికెడు చిటికెడు పడుతుంటే అక్కడే తచ్చాడుతుంది. అన్నని అడిగితే ఇదేం చెప్పలేదు. "టైముకి సిగ్నల్ ఇస్తే బండి ఆగుతుందిరా" అన్నాడు, అంతే.

నా మూలలో మొదట బురద బుడగలు వచ్చాయి. తర్వాత గుర్రపుడెక్క ఆకులు గాలి లేకుండా కదిలాయి. లైన్ బిగుసుకుంది, రాడ్డు స్టాండు మీంచి లేచిపోబోయింది. బంగారుతీగ, రెండు కిలోల వంద. పొలుసులు నిజంగానే ఇత్తడి రంగులో మెరుస్తున్నాయి. గాలం కింది పెదవి మధ్యలో దిగి ఉంది, సైకిల్ స్పోక్‌కి దండం పెట్టుకున్నాను. తర్వాత కిలోన్నర దాటినది ఒకటి, కిలో మూడొందల యాభైది ఒకటి. ఒక చిన్న ఎర్రమోసు కూడా పడింది, ఎనిమిది వందల గ్రాములు.

ఇవన్నీ సరే, నాకు బాగా గుర్తుండేది గడ్డి చేప. ఇది కూడా 1959లో హాంకాంగ్ నుంచి మన దేశానికి తెచ్చిందే. గాలం పడ్డప్పుడు ఏదో చెత్త తగిలిందనుకున్నాను. ఏ గొడవా లేకుండా, పిలిస్తే వచ్చే దూడలా, తిన్నగా గట్టు దాకా వచ్చేసింది. టైలర్ పక్క పెగ్‌లోంచి వల పట్టుకొచ్చి "ఇదేంటి, చచ్చిందేమో, డబ్బులు కట్టాలి చూసుకో" అన్నాడు. వల నీళ్ళలో పెట్టాడో లేదో, అప్పుడు మేలుకుంది. టైలర్ మొహం మీద నీళ్ళు కొట్టి ముప్ఫై గజాలు లాక్కుపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వల చూసింది, మళ్ళీ పోయింది. మూడు కిలోల నాలుగొందలు తూగింది, నా చెయ్యి మాత్రం సాయంత్రం దాకా వణుకుతూనే ఉంది.

తూకం దగ్గర ఓ గొడవ. చేపని వేలాడదీసే సంచీ పొడిగా ఉన్నప్పుడు ఒక బరువు, తడిశాక ఇంకో బరువు. చిన్నోడి మొదటి బొచ్చెని తడి సంచీలో తూచారని, తనదాన్ని పిండిన సంచీలో తూచారని బ్యాంకు ఆయన లేచాడు. ఆయనకి పడిందే ఒక చేప, ఏడొందల గ్రాములు. అయినా మాస్టారు ఆయన మాట తీసేయలేదు. ప్రతి తూకానికీ ముందు సంచీని నీళ్ళలో ముంచి, ఖాళీగా కాటాకి తగిలించి, సున్నా చేసి మరీ తూచానని నోట్‌బుక్ తెరిచి చూపించారు. ప్రతి చేప పక్కనా టైముతో సహా రాసి ఉంది. ఆయన క్లాసులో లెక్కలు చెప్పించుకున్న వాళ్ళ మీద నాకు జాలేసింది.

ఒకటిన్నరకి విజిల్. రైల్వే అన్న పదకొండు శీలావతులు, 13 కిలోల 850 గ్రాములు. చిన్నోడు రెండు బొచ్చెలు, 11 కిలోల 100. నేను మూడో స్థానం, 9 కిలోల 350. నలుగురికి ఒక్కటీ పడలేదు. ఏసీ మెకానిక్ అందులో ఒకడు, వెనీలా వాసన మాత్రం సాయంత్రం దాకా వదల్లేదు. మొత్తం మీద ఒక్క శీలావతే తేరుకోలేదు. గాలం మొప్పకి తగిలింది. టైలర్ డబ్బు కట్టి, కార్తీకం కాబట్టి చెరువు కాపలా తాతకి ఇచ్చేశాడు. ఇచ్చాక తాత దాన్ని ఎలా వండుతాడో మొత్తం అడిగి తెలుసుకున్నాడు.

భోజనాలు మోటారు షెడ్డు పక్కన రావిచెట్టు కింద. గుత్తి వంకాయ, పప్పు, వెన్న వేసిన ఉలవచారు. చుట్టూ ఏడెకరాల చేపల మధ్య కూర్చుని ఉలవచారుతో అన్నం తినడం ఏంటో అని ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నాం. ఉలవచారు మాత్రం బ్రహ్మాండంగా ఉంది, బాబాయి వాళ్ళ పిన్ని కాచి పంపారట.

తిన్నాక అసలు యుద్ధం. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ పెట్టాలని అందరం ఒప్పుకున్నాం, ఎలా అన్నదాని మీదే పేచీ. నాలుగో పెగ్ ఎవరికొస్తే వాళ్ళకి లాభం కాబట్టి వారం ముందే గుంజలు పీకేయాలని బ్యాంకు ఆయన. రెండు బొచ్చెలు పట్టిన చిన్నోడు కూడా దానికి సరే అన్నాడు, మరి గుత్తి గాలాల మీద నిషేధం తీసేయాలని మెలిక పెట్టాడు. గుంజలు ఉంచి, పోటీ మధ్యలో మళ్ళీ చీటీ తీసి పెగ్‌లు మార్చుకోవాలని నా మాట. మాస్టారు మూడూ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. బాబాయి అంతా విని, చెయ్యి కడుక్కుంటూ, "గుంజలు పీకితే నా చేపలకి వారం రోజులు మీరొచ్చి అన్నం కలిపి పెడతారా?" అన్నాడు. సంక్రాంతి తర్వాత మనిషికి వెయ్యి, చచ్చిన చేపకి రేటు డబుల్ అని కూడా అన్నాడు. దాని మీద బేరం ఇంకా నడుస్తోంది.